నగరమునకు కొలబద్ద యేది?

మన విద్యార్థులలో ననేకులు నేడు సాయంకాలములందు మైదానమున గాక తెరమీద నాడుచున్నారు. ఈ తెర యాటలలో నొక తెగ మిక్కిలి వింతయైనది. అంతర్జాలము మూలమున వేర్వేఱు దేశములకు చెందిన వేలకొలది జనులు ఒకేవేళ నొక కల్పితలోకమున ప్రవేశించి, అందు వీరులై, మంత్రవేత్తలై, వర్తకులై, కమ్మరులై సంచరింతురు. ఆ లోకములకు భూపటములు గలవు. కొండలు, సముద్రములు, రాజధానులు గలవు. ఆడువారు నలుగురొకచోట చేరినప్పుడు తఱచుగా వినబడు ప్రశ్న యేదనగా, "మీ లోకమెంత పెద్దది? మా లోకమెంత పెద్దది?" అనునదియే. ఆటలను నిర్మించి యమ్ము సంస్థలు సయితము ఈ ప్రశ్నకు జవాబు చెప్పుచునే తమ సరకును ప్రకటించుకొనుచున్నవి.

ఈ యాటలు మంచివా, చెడ్డవా యను చర్చ నిచ్చట తలపెట్టలేదు. ఆ విషయమున తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును చెప్పవలసినది చెప్పుచునే యున్నారు. పై ప్రశ్నలో దాగియున్న యొక భ్రమను గూర్చియే నేను విచారింపదలచితిని. ఒక లోకముగాని, నగరముగాని యెంత గొప్పదో తెలిసికొనుటకు చదరపు కిలోమీటర్లు సరియైన కొలబద్ద కావని నా యభిప్రాయము. దానిని దాటుటకు మనమెంత శ్రమపడవలెను? దానిలోని జనులు ఒకరిపై నొకరెంతగా నాధారపడియున్నారు? ఈ రెండే దాని నిజమైన కొలతలు. ఈ మాట ఆటలకు మాత్రమే చెల్లునది కాదు గనుకనే విద్యార్థుల యెదుట నుంచుచున్నాను.

మొదట విస్తీర్ణమును గూర్చిన గొప్పలను పరిశీలింతము. 1996లో వెలువడిన డాగర్‌ఫాల్ అను ఆట ఒంటరిగా నాడునదియే యైనను, విశాలలోకములను కల్పించుటలో తరువాతివాని కన్నిటికి పెద్దన్న వంటిది. దాని లోకము 1,60,000 చదరపు కిలోమీటర్లకు పైబడినదని నిర్మాతలు చెప్పిరి. అనగా నించుమించుగా నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత! అందు పట్టణములు, పల్లెలు, గుహలు మొదలగునవి 15,000 గలవనిరి. ఇన్నింటిని మనుష్యులు చేతితో తీర్చుట యసాధ్యము గనుక, కొన్ని సూత్రములను వ్రాసియిచ్చి, వాని ననుసరించి కంప్యూటరే యూళ్లను పుట్టించునట్లు చేసిరి. ఫలితమేమి? పది యూళ్లు చూచినవాడు వేయి యూళ్లు చూచినట్లే యయ్యెను. అదే సంస్థవారు 2002లో మారోవిండ్ అను ఆటను వెలువరించిరి. దాని ద్వీపము మునుపటి లోకములో వెయ్యవవంతైనను లేదు. కాని యందలి ప్రతి యిల్లును, ప్రతి త్రోవయు మనుష్యులు శ్రద్ధతో అమర్చినవి. ఆడినవారు నేటికిని దాని యూళ్ల పేరులు చెప్పి, ఏ వంతెన దాటిన నే గుడి వచ్చునో జ్ఞాపకము చేసికొందురు. వెయ్యింతలు చిన్నదైన నేల మనస్సునకు పెద్దదాయెను.

మఱియొక దృష్టాంతము. 2011లో సంపూర్ణరూపమున వెలువడిన మైన్‌క్రాఫ్టు అను ఆట మన పిల్లలకు సుపరిచితమే. అందలి లోకమంతయు ఘనములతో కట్టబడినది. ఒక్కొక్క ఘనము ఒక మీటరు ప్రమాణము గలది. ఒక్కొక్క ప్రక్కకు 6 కోట్ల ఘనములు, అనగా 60,000 కిలోమీటర్లు. వైశాల్యము గుణించి చూచినచో 360 కోట్ల చదరపు కిలోమీటర్లు వచ్చును. మన భూగోళపు ఉపరితలము, సముద్రములతో గూడ, 51 కోట్ల చదరపు కిలోమీటర్లే. కావున నది యేడు భూములంత! నిద్రాహారములు మాని నడచినను ఈ యంచునుండి యా యంచునకు చేరుటకు అయిదు నెలలకు పైగా పట్టును. అయినను నలుగురు మిత్రులు గూడి యందు ప్రవేశించినచో నేమి చేయుదురో గమనించితిరా? ఏడు భూములలో తలకొక భూమిని పంచుకొనరు. ఒకరి గోడకు మఱియొకరు గోడ కలిపి, నడుమ నొక బాట వేసి, దీపములు పెట్టి, చిన్న పల్లెను కట్టుకొందురు. మనుష్యుడు నివాసమునకు కోరునది విస్తీర్ణము కాదు, పొరుగు.

ఇట్లుండగా, 2023 డిసెంబరులో హలో గేమ్స్ అను సంస్థవారు భూమియంత గ్రహమునందు అందఱును గూడి యాడుకొను లైట్ నో ఫైర్ అను ఆటను నిర్మించుచున్నామని ప్రకటించిరి. నిర్మాతల సాహసమును మెచ్చుకొనవలసినదే. కాని ఆ వార్త విని ఆశ్చర్యపడిన వారిని నేనడుగునది యొక్కటి: భూమియంత నేల నిచ్చినచో దానితో నేమి చేయుదురు?

లోకము లింత విశాలములైనను, వానిలోని నగరములు మాత్రమేల మిక్కిలి చిన్నవి? 2004 నవంబరులో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు అను ఆట ఈ తెగలో మిక్కిలి ప్రసిద్ధమైనది. 2010లో దానికి చందా కట్టి యాడువారి సంఖ్య 1 కోటి 20 లక్షలకు చేరెను. దాని రాజధానులలో నొకటి స్టార్మ్‌విండ్. కథ ననుసరించి యది యొక మహారాజ్యమునకు ముఖ్యపట్టణము. కాని కోటద్వారమునుండి పరుగెత్తినచో కొలది నిమిషములలో నావలి చివర చేరవచ్చును. ఇండ్లను లెక్కించినచో మన తాలూకా గ్రామములు పెక్కు దానికంటె పెద్దవి.

ఇందుకు కారణములు మూడు గలవు. మొదటిది పనివారి శ్రమ. ప్రతి యింటిని చిత్రకారుడు చేయవలెను. లక్ష యిండ్లు చేయుట యెవ్వరి తరము? రెండవది యంత్రపు శక్తి. దీనిని లెక్కల విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. ఒకచోట పదిమంది యున్నచో, ఒక్కొక్కని కదలికను తక్కిన తొమ్మండ్రకును తెలుపవలెను. మొత్తము 90 వార్తలు. నూఱుగురున్నచో 9,900 వార్తలు. వేయిమంది యున్నచో 9,99,000! జనము పదింతలు పెరిగినచో పని నూఱింతలు పెరుగును. ఈ కారణముననే యొక్క నగరమునకు వందలకొలది ప్రతులు చేసి, ఆటగాండ్రను వేర్వేఱు ప్రతులలో పంచియుంచిరి. కోటిమందికి పైగా నాడినను, ఏ యొక్క ప్రతిలోను ఒకవేళ కొన్ని వేలమంది కంటె నుండరు. మూడవ కారణము ఆడువాని యోర్పు. అంగడినుండి సత్రమునకు నిజమైన నగరమున వలె గంటసేపు నడువుమనిన నెవ్వడాడును? కావున నగరము కుదించుట దోషము కాదు. నాటకమున రంగస్థలముపై నాలుగడుగులు వేసి అడవి దాటితిననిన మన మొప్పుకొనుట లేదా? ఆటలోని నగరము గూడ నట్టిదే. కుదించుటను నేను తప్పుపట్టను. కుదించిన పిదప మిగులవలసిన దేదియో దానిని పోగొట్టుకొనుటనే తప్పుపట్టుచున్నాను.

ఆ మిగులవలసిన వానిలో మొదటిది దారి. 1999 మార్చిలో ఎవర్‌క్వెస్టు అను ఆట వెలువడెను. అందు కెయినోస్ అను పట్టణము ఖండమున కొక చివర, ఫ్రీపోర్టు అను పట్టణము మఱియొక చివర నుండెను. ఒకదానినుండి రెండవదానికి కాలినడకను పోవువాడు కరానా యను విశాలమైన మైదానములను దాటి, కనుమను గడచి, కిథికోర్ అను అడవికి చేరవలెను. రాత్రివేళ ఆ యడవిలో బలిష్ఠములైన ప్రేతములు తిరుగును. కావున అశక్తులైన బాటసారులు వెలుపలనే కూర్చుండి తెల్లవాఱువఱకు వేచియుండెడివారు. సముద్రము దాటదలచినవాడు రేవున నిలిచి ఓడకై యెదురుచూడవలెను. దూరములకు క్షణములో జనులను పంపు మంత్రము తెలిసినవారు కొందఱుండిరి. వారి నాశ్రయించి కూలి యిచ్చి పోవుట కూడ నొక యాచారమాయెను. ఆ వేచియుండు వేళలలో, ఆ రేవులలో, ఆ యడవి యంచున నపరిచితులు మాటలాడుకొనిరి, స్నేహితులైరి.

అంతకంటె వింతయైన సంగతి యొకటి గలదు. ఫ్రీపోర్టునకు చేరువలో ఈస్టు కామన్‌లాండ్సు అను సీమయందొక సొరంగము గలదు. దానిని నిర్మాతలు అంగడిగా నుద్దేశింపలేదు. అయినను పలుజాతులవారికిని చేర ననువుగా నుండుటచే ఆటలోని పెక్కు ప్రతులలో వర్తకులు తమంతట తామే యందు గుమిగూడిరి. ఒకడు కత్తు లమ్ముదుననియు, ఒకడు కవచము గొందుననియు కేకలు వేయుచుండ, ఆ సొరంగమే మహా బజారయ్యెను. చదరపు కిలోమీటర్లలో కొలిచినచో నది యెంత? కాని దూరమునకు విలువ యుండుటచే దగ్గఱకు విలువ వచ్చినది. ఆ విలువయే యొక యంగడిని పుట్టించినది.

తరువాత 2001 డిసెంబరులో నిర్మాతలు సరకు నమ్ముకొనుటకు వీలుగా నొక ప్రత్యేకమైన బజారును కట్టి యిచ్చిరి. సొరంగము పాడువడెను. 2002లో నొక మధ్యలోకమును కల్పించి, అచ్చటినుండి ప్రధాన నగరములకెల్ల ద్వారములు పెట్టిరి. ఒక్క యడుగులో కెయినోస్. మఱియొక యడుగులో ఫ్రీపోర్టు. భూపటమున నొక్క గజమైనను తగ్గలేదు సరిగదా, క్రొత్త సీమలు చేరినవి. అయినను లోకము చిన్నదాయెనని పాతవారు పలికిరి. వారు పలికినది నిజము. కరానా మైదానము లున్నవి, దాటువాడు లేడు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టునందును ఇట్టిదే జరిగెను. మొదట నలువదవ మెట్టునకు చేరువఱకు ఎక్కి తిరుగుటకు గుఱ్ఱమైనను దొరకదు. 2007 జనవరిలో ఒక సీమయందు ఎగురు వాహనముల ననుగ్రహించిరి. 2010లో పాత ఖండములందును ఎగురనిచ్చిరి. అంతట కొండలు అడ్డము కాకపోయెను. అడవులు పచ్చని మచ్చలైనవి. 2014లో వెలువరించిన భాగమున నిర్మాతలు మొదట ఎగురుటను నిషేధింపగా ఆటగాండ్రు రెండు పక్షములై వాదులాడుకొనిరి. సౌకర్యమును గోరినవారిది అన్యాయమైన కోరిక కాదు. అయినను శ్రమ లేని దూరము దూరము కాదని, అది కేవలము పటముమీది గీతయని ఆ వివాదము వెల్లడించినది.

ఇక రెండవ కొలత, పరస్పరాధారము. దీనిని గ్రహించుటకు నిజమైన నగరము నొకదానిని చూతము. బైబిలు చదివినవారికి నీనెవె సుపరిచితము. క్రీస్తునకు పూర్వము 700 ప్రాంతమున సన్హెరీబు రాజు దానిని తన రాజధానిగా విస్తరింపజేసెను. నేటి ఇరాకు దేశమందలి మోసుల్ పట్టణమున దాని శిథిలము లున్నవి. ప్రాకారపు చుట్టుకొలత ఇంచుమించు 12 కిలోమీటర్లు. లోపలి నేల ఏడున్నర చదరపు కిలోమీటర్లు మాత్రమే. మైన్‌క్రాఫ్టు లోకములో నిది రవ్వంత! అయినను ఆ నగరమునకు నీరు తెచ్చుటకై సన్హెరీబు 50 కిలోమీటర్ల దూరమునుండి కాలువ త్రవ్వించెను. దారిలో లోయ యడ్డము రాగా జెర్వాన్ అను తావున ఇరువది లక్షల రాళ్లకు పైగా పేర్చి వారధి గట్టి, దానిమీదుగా నీటిని పాఱించెను. ఏడున్నర చదరపు కిలోమీటర్ల నగరము బ్రతుకుటకు అంత దూరపు కొండనీరు కావలసెను. ఆ చుట్టునున్న పొలములెన్ని, మందలెన్ని, బండ్లెన్ని కావలసెనో యూహించుకొనుడు. నగరమనగా గోడలలోపలిది మాత్రమే కాదు. దానిని పోషించు నేలయంతయు నగరమే.

ఆటలోని నగరమున నిది కానరాదు. రొట్టె లమ్మువాని బుట్ట యెన్నడును తఱగదు. ఆ గోధుమ పండిన పొలము గోడ వెలుపల నాలుగు మడులు మాత్రమే. నిర్మాతలు ప్రయత్నింపలేదని చెప్పరాదు. 1997లో వెలువడిన అల్టిమా ఆన్‌లైను అను ఆటను రిచర్డ్ గారియట్ బృందము నిర్మించుచుండగా, అందు ప్రకృతి క్రమము నేర్పఱచిరి. కుందేలు మేత మేయును, తోడేలు కుందేలును తినును. ఆహారము తఱిగినచో మృగములు ఊళ్లవైపు వచ్చును. కాని ఆటగాండ్రు ప్రవేశించిన వెంటనే కంటబడిన ప్రతి జంతువును చంపివేసిరి. ఆ యేర్పాటు నిలువలేదు, తుదకు తీసివేయవలసివచ్చెను. లోకము తమపై నాధారపడియున్నదని యెఱుగనివారు లోకమును నిలుపలేరు.

అదే యాటలో కొంతకాలమునకు ఇండ్లు కట్టుకొనుటకు చోటు చాలకపోయెను. దొంగలును, హంతకులును బాటసారులను బాధించుచుండిరి. 2000లో నిర్మాతలు లోకమునకు జంట లోకమును కల్పించిరి. పాతదానికి ఫెలుక్కా యనియు, హంతకులకు తావు లేని క్రొత్తదానికి ట్రామెల్ అనియు పేరులు. నేల రెట్టింపయ్యెను; జనులలో నధికులు భద్రమైన వైపునకు తరలిపోయిరి. పాత నగరముల వీథులు నిర్జనములైనవి. దుర్మార్గులకు భయపడి తరలినవారిని నిందింపలేము. అయినను నేల రెట్టింపైనంత మాత్రమున నగరము రెట్టింపు కాదని, ఒక్కొక్కప్పుడు ఉన్న నగరమే బీడగునని దీనివలన తెలియుచున్నది.

దీనికి విపరీతముగా, కల్పితనగరము నిజనగరమైన సందర్భ మొకటి గలదు. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టునందు ఒక దేవాలయములోని రాక్షసునితో పోరాడువారికి అంటునట్టి రక్తవ్యాధిని నిర్మాతలు కల్పించిరి. అది యా దేవాలయములోనే యుండవలసినది. కాని పెంపుడు జంతువుల మూలమున వెలుపలికి వచ్చి మహానగరములలో వ్యాపించెను. బలవంతులు తట్టుకొనిరి, క్రొత్తగా నాడువారు నిలిచినచోటనే కూలిరి. వీథులు అస్థిపంజరములతో నిండెను. అంగడివారు తాము చావక యితరులకు వ్యాధి నంటించుచుండిరి. కొందఱు పల్లెలకు పాఱిపోయిరి. కొందఱు వైద్యులై యపరిచితులకు చికిత్స చేయ నిలిచిరి. కొందఱు దుష్టులు కావలెనని వ్యాధిని వ్యాపింపజేసిరి. తుదకు నిర్మాతలు లోకమును మునుపటి స్థితికి త్రిప్పవలసివచ్చెను. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను పరిశోధకులు 2007లో నొక వైద్యపత్రికయందు దీనిని గూర్చి వ్యాసము వ్రాసి, నిజమైన అంటువ్యాధుల వేళ జనుల నడవడిని గ్రహించుటకు ఇట్టివి తోడ్పడునని చెప్పిరి. ఆ కొలది దినములలో స్టార్మ్‌విండ్ నగరమునకు ఒక్క వీథియైనను చేరలేదు. అయినను అది మునుపెన్నడు నంత పెద్దది కాలేదు. ఏలయన, ఎదుటి వీథిలో పేరు తెలియనివాడు దగ్గినను అది తనకు సంబంధించిన విషయమని ప్రతివాడును అప్పుడు గ్రహించెను.

"ఆట యాటయే గదా! దినమంతయు బడిలో శ్రమపడి వచ్చిన పిల్లవాడు ఆటలోను అడవులు నడచి, ఓడకై వేచియుండవలెనా?" అని కొందఱాక్షేపింపవచ్చును. ఈ మాటలో న్యాయము గలదు. అరగంట మాత్రమే తీరిక గలవానికి ద్వారము మేలు. ప్రతి యాటయు పాత ఎవర్‌క్వెస్టు వలె నుండవలెనని నేను కోరుట లేదు. నా విన్నపము స్వల్పమైనది: లోకము పెద్దదని గొప్ప చెప్పుకొని దానిని దాటు శ్రమను తుడిచివేయుట, నగరము మహానగరమని చెప్పి యందు ఆడువాని యవసరములకు మాత్రమే మనుష్యులను నిలుపుట, ఈ రెండును ఒకే లోపమునకు రెండు ముఖములని గుర్తింపవలెను.

ఈ చివరి విషయమే విద్యార్థులకు ముఖ్యమైనది. ఈ యాటలలో పురజనుని తలమీద పసుపువన్నె ఆశ్చర్యార్థకపు గుఱుతు వెలుగుచుండును. వానికి మనతో పని గలదని దాని యర్థము. అట్టి గుఱుతు లేనివానివంక నెవ్వరును చూడరు. వానిని ప్రక్కకు త్రోసి పరుగెత్తుదురు. ఆటలో నిది తప్పు కాదు, వాడు బొమ్మ గనుక. కాని మన యూరి వీథిలో నడచునప్పుడు ఎవ్వరి తలమీదను గుఱుతు లుండవు. వేకువజామున వీథి నూడ్చునామె, కుళాయికి నీరు వదలువాడు, పాలబండివాడు, పొలమునుండి కూరగాయల గంప తెచ్చునామె: వీరు మన కథకై నిలువబడిన వారు కారు, వీరి కథలు వీరికి గలవు. వీరు లేనిచో మన కథ సాగదు. చూపు నలవాటు చేయునది యేదైనను విద్యయే. కొన్ని సంవత్సరములు గుఱుతులున్న వారినే చూచుట నేర్చిన కన్ను, గుఱుతులు లేని జనసమూహమును చూడకుండుటయు నేర్చుకొనునని నా భయము.

కావున ఆడు విద్యార్థులకు నేను చెప్పునది యేమనగా, ఆడునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ నగరమునకు నీరెచ్చటినుండి వచ్చుచున్నది? వీరి యన్న మెవరు పండించుచున్నారు? నాతో పని లేనివారిచ్చట నెందఱు గలరు? జవాబు దొరకకపోయిన నాటకు నష్టము లేదు. కాని యవే ప్రశ్నలను మీరు నివసించు పట్టణమును గూర్చియు వేసికొనుడు. ఒక సెలవుదినమున మీ కుళాయినీరు పుట్టుచోటికి, చెఱువుకో, ఏటికో, కాలినడకను పోయి రండు. ఆ నాటి సాయంకాలము మీ పట్టణము మీకు ముందటికంటె పెద్దదిగా కనబడును.

యోనా గ్రంథమున నీనెవెకు రెండు కొలతలు చెప్పబడియున్నవి. మొదటిది కాలినడక కొలత: అది మూడు దినముల ప్రయాణమంతటి పట్టణము. గ్రంథపు తుది వాక్యమున వచ్చునది రెండవది. ప్రవక్త అలిగి నగరము వెలుపల కూర్చుండియుండగా దేవుడు దాని గొప్పతనమును గోడలతో గాని, వైశాల్యముతో గాని చెప్పలేదు. కుడియెడమల నెఱుగని లక్షయిరువదివేలకు పైబడిన ప్రాణులను లెక్కించి, అంతటితో నాగక పశువులను గూడ లెక్కలో చేర్చెను. వారిలో నొక్కడును యోనాకు పరిచితుడు కాడు. ఒక్కనికిని అతనితో పని లేదు. అయినను కొలత వారే.